మధ్యలో ఆగిపోయే ఛార్జింగ్: నా నోటుపుస్తకంలోని మూడు వారాలు

మొదటి రోజు

రాత్రి నా ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ 31 శాతం దగ్గర ఉండగా కేబుల్ తగిలించి పడుకున్నాను. తెల్లవారి చూస్తే 42 దగ్గర ఆగి ఉంది. కారు తెర మీద హెచ్చరిక ఏదీ లేదు. గోడకున్న ఛార్జర్ దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది. కేబుల్ తీసి మళ్లీ పెట్టగానే ఛార్జింగ్ మొదలైంది. పూర్తిగా పాడైన యంత్రం కన్నా ఇలా అప్పుడప్పుడు మొరాయించేదే ఎక్కువ కష్టపెడుతుంది. మనం చూసే వేళకు అంతా బాగానే ఉంటుంది.

నా దగ్గరున్న సరంజామా ఇది. కారు బ్యాటరీ 40 కిలోవాట్ అవర్లు. సింగిల్ ఫేజ్ మీద 32 ఆంపియర్ల దాకా, అంటే సుమారు 7 కిలోవాట్లు తీసుకుంటుంది. గోడ మీది పెట్టెకు సాకెట్ మాత్రమే ఉంది. రెండు కొసలా టైప్ 2 కనెక్టర్లున్న ఐదు మీటర్ల విడి కేబుల్ వాడుతున్నాను. గోడ మీది పెట్టెను వాడుకలో ఛార్జర్ అంటాం గానీ, ఇంటికి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావాల్సిన డీసీగా మార్చే అసలు ఛార్జర్ కారులోనే ఉంటుంది. గోడ పెట్టె చేసేది కారుతో మాట్లాడి, అంతా సరిగా ఉందని తేల్చుకుని కరెంటు స్విచ్ వేయడం. ఈ తేడా మనసులో ఉంచుకుంటే వెతుకులాట సగం తేలికవుతుంది.

రెండో రోజు

తేలిగ్గా తేలిపోయేవాటిని ముందు చూశాను. కారులో ఒక టైమ్ షెడ్యూల్, ఛార్జర్ యాప్‌లో మరొకటి ఉన్నాయి. రెండూ ఒకదానికొకటి అడ్డుపడితే ఛార్జింగ్ సరిగ్గా ఇలాగే మధ్యలో ఆగుతుంది. రెండూ తీసేశాను. ఛార్జింగ్ పరిమితి 80 దగ్గరే ఉంది. కారులోని చిన్న 12 వోల్టుల బ్యాటరీని మల్టీమీటర్‌తో కొలిస్తే 12.6 వచ్చింది, ఛార్జింగ్ నడుస్తుండగా 14.2. ఆ చిన్న బ్యాటరీ నీరసపడితే లోపలి రిలేలు, అంటే కరెంటుతో నడిచే స్విచ్‌లు, పట్టు వదిలి ఛార్జింగ్ ఆగిపోవచ్చు. కొలవడానికి రెండు నిమిషాలు చాలు కాబట్టి దీన్ని ముందే తేల్చుకోవడం మంచిది. బ్రేకర్ పడలేదు. పడి ఉంటే కరెంటు నేలకు కారుతోందేమోనని వేరే దారిలో వెతకాల్సి వచ్చేది.

ఆ రాత్రి మళ్లీ ఆగింది.

నాలుగో రోజు

కారుదా, ఇంటిదా అన్నది తేల్చడానికి కారును బయట ఒక ఏసీ ఛార్జర్‌కు తీసుకెళ్లాను. ఆ ఛార్జర్‌కు సొంత కేబుల్ ఉంది. రెండు గంటలు ఒక్కసారి కూడా ఆగలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ పరీక్షను డీసీ ఫాస్ట్ ఛార్జర్ మీద చేస్తే ప్రయోజనం లేదు. అక్కడ కరెంటు కారులోని ఛార్జర్‌ను దాటుకుని నేరుగా బ్యాటరీకి వెళ్తుంది. డీసీ మీద బాగా ఎక్కినంత మాత్రాన ఏసీ భాగం బాగున్నట్టు కాదు. నా కారు ఏసీ మీదే నిలకడగా ఎక్కింది కాబట్టి, ఇక నేను చూడాల్సింది గోడ పెట్టె, దానికి వచ్చే వైరింగ్, నా కేబుల్. ఈ మూడే.

ఎనిమిదో రోజు

ఈ వారం ప్రతి ఛార్జింగ్‌కూ మొదలైన సమయం, ఆగిన సమయం, ఎన్ని కిలోవాట్లు పోతున్నాయి అన్నవి రాసుకున్నాను. ఆగడానికి పట్టిన నిమిషాలు వరుసగా ఇవి: 41, 3, 38, 44, 19, 40, 8. వీటికి పోలిక ఏమిటా అని మూడు రోజులు తల బద్దలుకొట్టుకున్నాను. ఉష్ణోగ్రతా, బ్యాటరీ శాతమా, వేళా? ఏదీ కుదరలేదు. ఈ రోజు మధ్యాహ్నం ఆ అంకెల్ని రెండు వరుసలుగా విడదీసి రాశాను. ఒక వరుసలో 41, 38, 44, 40. రెండో దానిలో 3, 19, 8. చేయి అక్కడే ఆగిపోయింది. ఇది ఒక జబ్బు కాదు, రెండు. ఒకే లక్షణంతో బయటపడుతున్నాయి, అంతే.

అలా విడదీసి చూశాక మిగతా తేడాలు కూడా కనిపించాయి. నలభై నిమిషాల రకంలో ఆగడానికి ముందు శక్తి 7 నుంచి 5 కిలోవాట్లకు జారుతోంది. ఆగిన వెంటనే మళ్లీ పెడితే పన్నెండు నిమిషాల్లోనే ఆగుతోంది. గంటసేపు వదిలేసి పెడితే మళ్లీ నలభై నిమిషాలు నడుస్తోంది. రెండో రకంలో జారడం లేదు, తెగినట్టు ఒక్కసారిగా సున్నా. వెంటనే తగిలిస్తే చక్కగా నడుస్తోంది.

కాసేపు నడిచి, చల్లారాక మళ్లీ అంతే సేపు నడిచే రోగం సాధారణంగా వేడిదే.

తొమ్మిదో రోజు

వేడి అనే అనుమానాన్ని పెట్టె విప్పకుండానే పరీక్షించే దారి ఒకటుంది. తీగ వదులుగా బిగిసిన చోట పుట్టే వేడి కరెంటు వర్గాన్ని, అంటే కరెంటును దానితోనే హెచ్చిస్తే వచ్చే అంకెను బట్టి ఉంటుంది. కరెంటును సగం చేస్తే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. యాప్‌లో పరిమితిని 32 నుంచి 16 ఆంపియర్లకు తగ్గించి రాత్రి వదిలేశాను. 31 నుంచి 80 దాకా ఆరు గంటలకు పైగా ఏకబిగిన ఎక్కింది. ఉదయం ఆ 80 అంకె చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇంకా ఏదీ బాగుపడలేదు, అయినా దోషం ఏ చోట ఉందో తెలిసింది.

పన్నెండో రోజు

ఎలక్ట్రీషియన్ వచ్చారు. గోడ పెట్టె లోపలి పని నేను ముట్టుకోలేదు, మీరూ ముట్టుకోవద్దు. 32 ఆంపియర్లు గంటల తరబడి పారే చోట అది అభిరుచి పని కాదు. ఆయన మెయిన్ ఆపి, కరెంటు లేదని మీటర్‌తో తేల్చుకుని మూత తీశారు. లోపలికి వచ్చే ఫేజ్ తీగ చివర తొడుగు గోధుమ రంగుకు మాడి ఉంది.

"స్క్రూ బిగించినట్టే కనిపిస్తుందండీ, కానీ తిప్పితే పావు చుట్టు లోపలికి వెళ్తోంది చూడండి," అన్నారు. బిగించే ముందు తన రక్షణ పరికరాలతో ఒక కొలత తీసి చూపించమని అడిగాను. పూర్తి లోడ్ మీద ఆ ఒక్క స్క్రూకు అటూ ఇటూ 1.6 వోల్టులు పడిపోతున్నాయి. 32 ఆంపియర్ల దగ్గర అది 51 వాట్లు. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ ఒకటి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఉంచినట్టు లెక్క. పక్కనే ఉన్న ఉష్ణోగ్రత సెన్సర్ ముందు కరెంటు తగ్గించి, అప్పటికీ వేడి ఆగకపోతే ఛార్జింగ్ నిలిపేస్తోంది. ఇన్నాళ్లూ నేను దోషమనుకున్నది నిజానికి ఆ పెట్టె ఇల్లు కాపాడుతున్న తీరు. అందుకే ఇలా ఆగే ఛార్జర్‌ను మళ్లీ మళ్లీ రీసెట్ చేసి నడిపించడం ప్రమాదం.

కారణం చిన్నది. సన్నని పోగుల తీగను చివర లోహపు గొట్టం తొడగకుండా నేరుగా స్క్రూ కింద పెట్టారు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ పోగులు కొద్దికొద్దిగా సర్దుకుని పట్టు వదులైంది. వదులైన కొద్దీ వేడి, వేడెక్కిన కొద్దీ మరింత వదులు. ఆయన మాడిన ముక్క కత్తిరించి, కొత్త కొసకు గొట్టం తొడిగి నొక్కి, తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించారు. మిగతా స్క్రూలు కూడా అలాగే. టెర్మినల్ లోహం రంగు మారి ఉంటే ఆ భాగమే మార్చాల్సి వచ్చేదట. మళ్లీ కొలిస్తే 0.1 వోల్టు, అంటే మూడు వాట్లు.

పదిహేనో రోజు

నలభై నిమిషాల రోగం పోయింది. ఈ రాత్రి పదకొండో నిమిషంలో తెగినట్టు ఆగింది. రెండోది ఇంకా ఉంది.

పదహారో రోజు

ఛార్జర్ యాప్‌లో సంఘటనల పట్టిక ఉంటుంది. దాన్ని మొదటి రోజే తెరవాల్సింది. రాత్రి ఆగిన క్షణానికి ఎదురుగా ఇలా ఉంది: "వాహనం తీసివేయబడింది." కేబుల్ కారుకు తాళం పడి ఉండగా, నేను గాఢనిద్రలో ఉండగా! ఛార్జర్‌కు అలా ఎందుకు అనిపించింది?

కేబుల్‌లో కరెంటు తీగలతో పాటు కంట్రోల్ పైలట్ అనే సన్నని తీగ ఒకటి ఉంటుంది. దాని మీదే కారు, గోడ పెట్టె మాట్లాడుకుంటాయి. 12 వోల్టులుంటే కారు లేదని అర్థం. కారు తగిలించగానే లోపలి నిరోధకం వల్ల అది 9కి దిగుతుంది. కారు సిద్ధమై కరెంటు అడిగితే 6కు దిగుతుంది, అప్పుడే పెట్టె స్విచ్ వేస్తుంది. ఈ సంకేతం సెకనుకు వెయ్యిసార్లు కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడంలో వోల్టేజి పైన ఉండే సమయం ఎంత శాతమో దాన్ని 0.6తో హెచ్చిస్తే కారు తీసుకోదగిన ఆంపియర్లు వస్తాయి. 10 శాతం అంటే 6 ఆంపియర్లు, 53.3 శాతం అంటే 32. ఇంత చక్కని ఏర్పాటు ఒక్క తీగ మీద నడుస్తోందని తెలిశాక నాకు ఆ కేబుల్ మీద గౌరవం పెరిగింది.

ఆ తీగ ఒక్క క్షణం తెగితే వోల్టేజి తిరిగి 12కు ఎగురుతుంది. పెట్టెకు అది కేబుల్ ఊడదీసినట్టే కనిపిస్తుంది. నోటుపుస్తకం మళ్లీ తిరగేశాను. 3, 19, 8, నిన్నటి 11. నాలుగుసార్లూ కారును వెనకవైపుగా లోపలికి పెట్టిన రోజులే. అప్పుడు కేబుల్ బరువంతా కారు వైపు పిడి మీద వేలాడుతుంది.

పదిహేడో రోజు

విడి కేబుల్ ఉండటం ఇక్కడ కలిసివచ్చింది. రెండు కొసలూ ఊడదీసి బల్ల మీద పరిచాను. టైప్ 2 కనెక్టర్‌లో పైన చిన్నవి రెండు పిన్నులుంటాయి, ఒకటి పైలట్, రెండోది కేబుల్ ఎన్ని ఆంపియర్లకు తగినదో చెప్పే ప్రాక్సిమిటీ. మల్టీమీటర్‌ను ఓమ్‌లలో పెట్టి ప్రాక్సిమిటీకి, ఎర్త్‌కు మధ్య చూస్తే రెండు కొసల్లోనూ 219 వచ్చింది. 32 ఆంపియర్ల కేబుల్‌కు ఉండాల్సింది 220, కాబట్టి అది బాగుంది. 680 వస్తే అది 20 ఆంపియర్ల కేబుల్ అని గుర్తు. ఎర్త్ ఈ కొస నుంచి ఆ కొసకు సున్నాకు దగ్గరగా ఉంది. ఇక పైలట్. కేబుల్ తిన్నగా ఉన్నప్పుడు 0.3 ఓమ్‌లు. కారు వైపు పిడిని ఒక చేత్తో పట్టుకుని, దాని వెనక కేబుల్‌ను మెల్లగా కిందికి వంచాను. మీటర్ అంకె చెదిరి, తెగిన గుర్తు చూపించింది. వదిలితే మళ్లీ 0.3. పదిసార్లు వంచితే పదిసార్లూ అంతే.

కరెంటు తీగలు 6 చదరపు మిల్లీమీటర్ల మందం, పైలట్ తీగ 0.5 మాత్రమే. పిడి దగ్గర రోజూ ఒకే చోట వంగే కేబుల్‌లో ముందుగా అలిసిపోయేది ఆ సన్నదే. పిడి అచ్చుపోసినది, విప్పడానికి లేదు. కోసి అతికించే ఆలోచన పెట్టుకోలేదు. ఆ పిడిలోంచే 32 ఆంపియర్లూ పారాలి, వానలో కూడా తడి లోపలికి వెళ్లకూడదు. కొత్త కేబుల్ తెప్పించాను. వచ్చిన రోజే తగిలించకముందు ఇవే కొలతలు తీసి, వంచి చూసి, పుస్తకంలో రాసిపెట్టుకున్నాను. మళ్లీ ఎప్పుడైనా అనుమానం వస్తే పోల్చుకోవచ్చు.

ఇరవై రెండో రోజు

32 ఆంపియర్ల మీద వరుసగా ఐదు రాత్రులు, ఐదింటిలోనూ 80 దాకా. ఒక ఉదయం పూర్తిగా 100కు పెట్టి చూశాను. చివరి రెండు మూడు శాతాల్లో శక్తి తగ్గుతూ వచ్చింది. బ్యాటరీ నిండేటప్పుడు అది సహజం, దాన్ని రోగంగా రాసుకోలేదు. పెట్టె మూత చేతికి గోరువెచ్చగా మాత్రమే ఉంది. కారు వెనకవైపు పెట్టినప్పుడు కేబుల్ బరువు పిడి మీద పడకుండా గోడకు నడుము ఎత్తున ఒక కొక్కెం బిగించాను. కేబుల్ ఇప్పుడు దాని మీదుగా వదులుగా వంగి కారును చేరుతోంది.