చిన్న కోడలినే ఎందుకడిగినట్టు?

పెళ్లి రాత్రికి. అనంతపురం ఎండకు లాడ్జి గదిలో పొద్దంతా ఉడకలేక ఊరి పక్కనే ఉన్న బీకే సముద్రం (బుక్కరాయసముద్రం) చెరువు చూసొద్దామని బయల్దేరాను. షేర్ ఆటోవాడు ఇంకో మనిషికి చోటు లేదన్నాక కూడా ఇద్దర్ని ఎక్కించాడు. పైగా కొత్త ముఖమని పసిగట్టి నా దగ్గర మాత్రం ఎక్కువ గుంజాడు. హైదరాబాదు ఆటోలను ఊరికే తిట్టుకున్నాననిపించింది.

ఈ చెరువు మీద మనసు డిగ్రీ రోజుల నుంచీ ఉంది. కట్టమంచి రామలింగారెడ్డి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకుంటూ 1899లో రాసిన ‘ముసలమ్మ మరణం’ కావ్యం మాకు పాఠం. పండమేరు వాగుకు అడ్డంగా 14వ శతాబ్దంలో, బుక్కరాయల కాలంలో కట్టిన చెరువు. కట్ట తెగబోతుంటే బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలిస్తేనే నిలుస్తుందని దైవవాణి పలికిందట. ఆమె తానే నడిచి వెళ్లి నీళ్లలో కలిసిపోయింది. మా మాస్టారు బోర్డు మీద ‘త్యాగం’ అని రాసి కింద రెండు గీతలు కొట్టారు. పరీక్షలో మేమూ అదే దించాం.

కట్ట మీద మేకలు కాస్తున్న అవ్వను ముసలమ్మ గుడి ఎక్కడని అడిగాను. దారి చెప్పకుండా కథ మొదలుపెట్టింది, నిన్న మొన్న పక్కింట్లో జరిగినట్టు.

“కూతుర్ని అడిగింటే, గంగమ్మను ఇంకోతూరి అడిగి సూడండి అనేవాళ్లు నాయనా. కోడలు గదా, పా అన్నారు.”

రామలింగారెడ్డిని తక్కువ చేయను. ఇరవై ఏళ్లయినా నిండని కుర్రాడు, రాణులనూ అప్సరసలనూ వదిలేసి పల్లెటూరి కోడల్ని నాయికను చేశాడు. కథను విషాదంగానే ముగించాడు. అప్పట్లో అది తెగువే. కానీ నాకు గుర్తున్న పద్యాల్లో వెలుగంతా ముసలమ్మ ధైర్యం మీదే. అవ్వ చూపు మాత్రం ఒడ్డున నిలబడ్డవాళ్ల మీద ఉంది.

2024 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి కదా, అప్పుడు ఎవర్ని అడిగారవ్వా అన్నాను.

“ఇప్పుడు కలెక్టర్ను అడుగుతారులే” అని నవ్వింది.

ఈ కథ మీద ఒక పెద్దాయన పద్యాలు రాశాడని చెప్పాను. “అంతా రాసినాడా? మొగుడేమన్నాడో రాసినాడా?” అంది.

ఒక్కో పద్యం తలుచుకునేలోగా ఆమె మేక కట్ట దిగి ఎవరిదో వరిమడిలో పడింది. అవ్వ కర్ర పట్టుకుని, దాన్ని వంశంతో సహా తిడుతూ పరిగెత్తింది. గుడికి దారి నేనే వెతుక్కున్నాను.