ఈసారి పిడి ఊడలేదు

పొద్దున కవర్ తీసి చూస్తే నేను చేసిన మట్టి కప్పు పిడి అట్లే నిలిచి ఉంది! పోయినసారి అతుకు దగ్గర వెంట్రుకంత పగులు వచ్చి, సాయంత్రానికి ఊడి చేతికొచ్చింది.

కర్నూలు ఎండకు పల్చని పిడి ముందే ఆరి ముడుచుకుంటుంది. కప్పేమో ఇంకా పచ్చిగానే ఉంటుంది. అందుకే చీలిక. ఈసారి అతికే రెండు చోట్లా ఫోర్కుతో గీతలు గీసి, పెరుగులా చిక్కగా కలిపిన మట్టి పూసి, అతుకు కనబడనంతవరకు వేలితో రుద్దాను. కవర్ కప్పి 3 రోజులు నెమ్మదిగా ఆరనిచ్చాను.

అంచు మీద నా బొటనవేలి గుంట ఒకటి మిగిలింది. అమ్మ దాన్ని మెల్లగా తడిమి, "దీన్ని చెరపొద్దు, ఇట్లే ఉండనీ" అంది.

ఇంకా రెండుసార్లు కాల్చాలి. మొదట 1000 డిగ్రీల దగ్గర, తర్వాత గ్లేజ్ (గాజులా మెరిసే పూత) పూసి మళ్లీ. తలుచుకుంటేనే టెన్షన్. బట్టీలోంచి క్షేమంగా వస్తే అందులో మొదటి టీ అమ్మకే.