పరిచయ సభలో నేను ఎవరి కోడలినో చెప్పారు, ఏం చదివానో చెప్పలేదు

మొన్న సోమవారం యూనివర్సిటీలో అర్థశాస్త్రం అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. నిన్న మా విభాగంలో కొత్తవాళ్ల పరిచయ సభ జరిగింది. రాత్రి నిద్ర పట్టలేదు. మనసులో వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

అప్లికేషన్ దగ్గర పెద్ద ఇబ్బంది పడలేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇంటర్వ్యూకి పిలవడానికి నూటికి మార్కులు వేస్తారు. పీహెచ్‌డీకి 30, అధ్యాపక అర్హత పరీక్ష నెట్‌ని జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్‌తో పాసై ఉంటే 7, పేపరుకి 2 చొప్పున 10 దాకా, పాఠాలు చెప్పిన అనుభవానికి ఏడాదికి 2 చొప్పున ఇంకో 10, ఇలా మరికొన్ని. నాకు 93 వచ్చాయి. జేఆర్‌ఎఫ్ మొదటిసారికే కొట్టాను, చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. కాకపోతే ఆ మార్కులు గుమ్మం దాకే. ఆఖరి ఎంపిక ఇంటర్వ్యూని బట్టే.

ఇంటర్వ్యూ బాగా జరిగింది. పంటలో సగం యజమానికి పోతుంది కాబట్టి పాలుకు చేసే రైతు తక్కువ కష్టపడతాడన్న ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ వాదన మన డెల్టాలో నిలుస్తుందా అని అడిగారు. నా పీహెచ్‌డీ అంతా కౌలు మీదే. ఊరూరా తిరిగి రాసుకున్న లెక్కలతో జవాబు చెప్పాను. మెడికల్ ఫిట్‌నెస్ ఒక్క పూటలో అయిపోయింది.

చేరిన రోజు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో మూడు గంటలు నిలబెట్టారు. పాత కాలేజీ రిలీవింగ్ ఆర్డరు ఇచ్చి పది నిమిషాలు కాకుండానే ఇవ్వలేదన్నారు. ఫైలు అడుగున దొరికింది. ఏ కాగితం ఇచ్చినా రెండో కాపీ మీద తేదీతో సంతకం చేయించుకోండి. విసుక్కున్నా సరే, సంతకం పడేదాకా ఆ కిటికీ దగ్గర్నుంచి కదలకండి.

ఇవన్నీ మర్చిపోగలను. నిన్నటిది మర్చిపోలేను.

చేరిన రోజే విభాగాధిపతి గారు మా నలుగురినీ సభలో చదవడానికి అరపేజీ పరిచయం రాసిమ్మన్నారు. ముగ్గురు మగవాళ్లు, నేను. రెండు రాత్రులు కూర్చుని రాశాను. కౌలు రైతులకు బ్యాంకు రుణం అందాలని 2011లో వచ్చిన రుణ అర్హత కార్డుల చట్టం, దాని స్థానంలో ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం, ఆ కొత్త చట్టంలో పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉంటేనే కార్డు రావడం, ఆ సంతకం కోసం కౌలుదారు పడే పాట్లు. నా పని ఇదని విద్యార్థులకు తెలియాలని ఒక్కో మాటా ఏరి పెట్టాను.

సభలో మొదటాయనది ఎకనోమెట్రిక్స్. ఏ మెథడ్ మీద పనిచేశారో, ఏ జర్నల్‌లో అచ్చయిందో విభాగాధిపతి గారు చదివారు. రెండో ఆయనది ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలు, మూడో ఆయనది అంతర్జాతీయ వాణిజ్యం. వాళ్ల కాగితాలూ పూర్తిగా చదివారు. నా వంతు వచ్చేసరికి నా కాగితం మడిచి మైకు స్టాండు పక్కన పెట్టేశారు. ఆకుపచ్చ ఇంకుతో నేను గీత గీసిన వాక్యం మడతలోంచి కనిపిస్తూనే ఉంది.

"ఈ అమ్మాయి మనకు కొత్తేం కాదండీ. మా హెడ్‌మాస్టారు గారి కోడలు. వాళ్లాయన బ్యాంకులో ఆఫీసరు. ఇద్దరు పిల్లలు. ఇంటినీ చదువునీ చక్కగా చూసుకుంటూ వ్యవసాయం మీద ఏదో చేసింది" అన్నారు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. వందన సమర్పణ మొదలైపోయింది.

మా మామగారంటే నాకు ప్రాణం. నేను ఊళ్లు తిరిగిన రెండేళ్లూ పిల్లల్ని బడికి దింపింది ఆయనే. కానీ ఆ ముగ్గురిలో ఎవరు ఎవరి అల్లుడో ఎవరూ చెప్పలేదు. ఎవరికెంతమంది పిల్లలో చెప్పలేదు. మనిషిని పొగుడుతున్నామనుకుంటూనే ఆ మనిషి పదేళ్ల కష్టాన్ని 'ఏదో' అనే మాటలో పడేయడం తప్పు. పెద్దాయన అభిమానంతోనే అన్నారని తెలుసు, అయినా తప్పు తప్పే. లేచి మైకు అడగాల్సింది. శాలువా అంచు పట్టుకుని కూర్చుండిపోయాను.

కొత్తగా చేరే ఆడపిల్లలకు చెబుతున్నాను. పరిచయం కాగితం ఇచ్చి ఊరుకోకండి, రెండు నిమిషాలు మేమే మాట్లాడతామని ముందే అడగండి. శాలువాలకు గంట దొరికే చోట రెండు నిమిషాలు దొరక్కపోవు.

సభ అయ్యాక మధ్యాహ్నం ఎం.ఏ. మొదటి ఏడాది వాళ్లకు నా తొలి క్లాసు. పేరు చెప్పి, నేను సర్వే చేసిన ఒక రైతు లెక్క బోర్డు మీద వేశాను. ఎకరానికి ముప్ఫై బస్తాలు పండింది, కౌలు పదహారు బస్తాలు. మరుసటి ఏడాది వరి కోతకొచ్చే వేళ తుపాను పడి పన్నెండే చేతికొచ్చాయి. కౌలు మాత్రం అదే పదహారు. పాలు పద్ధతిలో అయితే నష్టం ఇద్దరూ పంచుకుంటారు. కౌలు బస్తాలు ముందే ఖాయమైతే మార్షల్ చెప్పిన చిక్కు ఉండదు, పైన పండిన ప్రతి గింజా రైతుదే. కానీ తుపాను బరువంతా అతని నెత్తినే పడుతుంది. కార్డు లేదు కాబట్టి అతనికి బ్యాంకులో పంట రుణం కూడా అందలేదు.

మూడో బెంచీలో ఒకమ్మాయి లేచింది.

"ఆ నాలుగు బస్తాలూ ఎక్కణ్ణుంచి తెచ్చి కట్టాడు మేడమ్? మా నాన్న ఎరువుల కొట్టాయన దగ్గర తెచ్చాడు, నూటికి మూడు రూపాయల వడ్డీకి."

ఆ అమ్మాయిని బోర్డు దగ్గరికి రమ్మని సుద్దముక్క చేతికిచ్చాను. వాళ్ల నాన్న లెక్క నా లెక్క పక్కనే వేసింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.