గోదారి గట్టు మీద నా థీసిస్

ఆర్కిటెక్చర్ ఐదో ఏడాది థీసిస్‌కి, అంటే చివరి డిజైన్ ప్రాజెక్టుకి, నేను రాజమండ్రిలో పుష్కర ఘాట్‌కీ కోటిలింగాల రేవుకీ మధ్య ఉన్న గట్టును ఎంచుకున్నాను. అందరూ ప్లాన్‌తో, అంటే పైనుంచి చూసినట్టు గీసే బొమ్మతో, మొదలుపెట్టారు. మా గైడ్ మేడమ్ మాత్రం నా చేత చాలా రోజులు సెక్షన్లే, అంటే నిలువుగా కోసి ఎత్తుపల్లాలు చూపే బొమ్మలే, గీయించారు. ఆవిడకి నేను ఎంతో రుణపడి ఉన్నాను. ప్లాన్‌లో నది ఎప్పుడూ ఒకేలా కనిపిస్తుంది. జులైలో ఎర్రనీళ్లు ఎన్ని మెట్లు ఎక్కుతాయో చెప్పేది సెక్షనే.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. చిన్నప్పటి నుంచి రేడియోలో విన్న అంకెలే. కానీ అవి బ్యారేజీ దగ్గరి కొలతలు, మన ఘాట్ ఇంకా ఎగువన ఉంది. అందుకే వాటిని నేరుగా డ్రాయింగ్‌లో పెట్టడానికి లేదు. ఏ వరదకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పడవవాళ్లనూ రేవులో బట్టలుతికేవాళ్లనూ అడిగాం. వాళ్లు చూపించిన ప్రతి గుర్తునీ లెవెల్ మెషీన్‌తో కొలిచాం. 1986 వరద గుర్తు చూపించడానికి ఒక పెద్దాయన మమ్మల్ని వాళ్ల వీధి దాకా తీసుకెళ్లారు. ఆ ఏడాది వచ్చింది సుమారు 35 లక్షల క్యూసెక్కులు.

ఆ వరద గుర్తుల ప్రకారమే డిజైన్ కుదిరింది. ఏటా మునిగే చోట మెట్లు తప్ప ఏమీ కట్టలేదు. ఆ పైన, ఎప్పుడైనా మునిగే చోట రాతి అరుగులు, స్తంభాల మీద పందిరి, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదులు పెట్టాను. గోడలకి కింద ఖాళీ వదిలి, నేలను నదివైపు వాలుగా ఉంచాను. వరద తీశాక ఒండ్రు మూలల్లో పేరుకుపోతే దాన్ని ఎత్తిపోయడం ఎంత కష్టమో రేవు ఊడ్చేవాళ్లే చెప్పారు. కరెంటు బోర్డులు, మందుల గది, పురోహితుల సామాను గది అన్నీ గట్టు పైన.

జనం కూడా వరదలాగే ఒక్కసారిగా పెరుగుతారు. 2015 జులై 14న, పుష్కరాల తొలిరోజునే, ఇదే ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. అది మనసులో పెట్టుకునే దిగే దారి, ఎక్కే దారి ఎక్కడా కలవకుండా గీశాను. మధ్యలో అంబులెన్స్‌కి వేరే దారి వదిలాను. దానివల్ల ఘాట్ అందం తగ్గిందని జ్యూరీలో, అంటే థీసిస్ చూసి మార్కులేసేవాళ్లలో, ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. తడిబట్టలతో, చంకలో పిల్లాడితో ఎక్కే మనిషికి ఎదురుగా ఎవరూ రాకపోవడమే ఆ చోటికి అందం.

2027లో మళ్లీ పుష్కరాలు. ఇప్పుడు స్టూడియోలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎవరైనా ఈ సైట్ తీసుకుంటే మా లెవెల్ షీట్లు కాలేజీ లైబ్రరీలోనే ఉన్నాయి, వాడుకోండి. రేవుకి మాత్రం వరద నెలల్లో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి వెళ్లండి.