పార్శ్వనొప్పీ, శొంఠి పట్టూ, నా కెమిస్ట్రీ

మైగ్రేన్ వచ్చే ముందు నాకు ఆవలింతలు వస్తాయి. నిద్ర చాలక వచ్చేవి కావు. ఒకదాని వెనక ఒకటి, కళ్లలో నీళ్లు తిరిగేలా వస్తూనే ఉంటాయి. తర్వాత మెడ పట్టేస్తుంది. ఆపైన వాసనలు భరించలేను. నేను పనిచేసేది హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో. సాల్వెంట్ల వాసన అక్కడ ఎప్పుడూ ఉండేదే, మామూలు రోజుల్లో పట్టించుకోను కూడా. ఆ పూట మాత్రం పక్క బెంచీ మీద ఎవరైనా ఇథైల్ అసిటేట్ సీసా మూత తీస్తే చాలు, కడుపులో తిప్పేస్తుంది. కాసేపటికి ఎడమ కణతలో పోటు మొదలవుతుంది. ఇక లైటు ఆర్పేసి, పక్కన బకెట్ పెట్టుకుని పడుకోవడమే.

ఇంటర్ చదివే రోజుల నుంచీ ఉంది ఈ బాధ. అప్పట్లో అమ్మ వైద్యం ఒకటే, శొంఠి పట్టు. శొంఠి కొమ్మును సానరాయి మీద నీళ్లతో అరగదీసి, ఆ గంధాన్ని గరిటెలో కాస్త వెచ్చచేసి నుదుటికీ కణతలకీ రాసేది. చర్మం చురుచురుమనేది. అమ్మమ్మది ఇంకా ఘాటు వైద్యం. తుమ్మి ఆకు పసరు నొప్పి లేని వైపు ముక్కులో పిండాలనేది. నేను ఒక్కసారి ఒప్పుకున్నాను, మళ్లీ ఆవిడకి దొరకలేదు. ఒకపక్క తలనొప్పిని సుశ్రుతుడి కాలంలోనే అర్ధావభేదకం అని విడిగా గుర్తించారు కాబట్టి, మా అమ్మమ్మ వెనక పెద్ద పరంపరే ఉందని ఒప్పుకోవాలి.

రాత్రి షిఫ్టులు మొదలయ్యాక నొప్పి తరచుగా రావడం మొదలైంది. మూలికల మీద చదవడం కూడా అప్పుడే పట్టుకుంది. మా ల్యాబ్‌కి ఏ ముడిసరుకు డ్రమ్ము వచ్చినా మేం చూసేవి ప్రధానంగా మూడు: లేబుల్ మీద రాసిందే లోపల ఉందా, ఎంత శాతం ఉంది, దాంతో పాటు ఇంకేం కలిసింది. అలాంటి పనిలో ఉండి, నోట్లో వేసుకునే ఆకుల గురించి మాత్రం ‘మంచిదట’ అన్న మాటతో సరిపెట్టుకోవడం నా వల్ల కాలేదు.

మొదట అమ్మ శొంఠితోనే మొదలుపెట్టాను. పచ్చి అల్లంలో ఘాటు జింజెరాల్ అనే పదార్థానిది. అల్లాన్ని ఎండబెడితే జింజెరాల్ అణువులోంచి ఒక నీటి అణువు ఊడిపోయి షోగవోల్‌గా మారుతుంది. అల్లం కంటే శొంఠి ఎక్కువ మండేది అందుకే. ఈ రెండూ మిరపకాయ కారాన్ని పట్టుకునే గ్రాహకాన్నే, అంటే నరాల కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్‌ని, తట్టి లేపుతాయి. ఆ గ్రాహకాన్ని 1997లో బయటపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. నుదుటి మీద శొంఠి చురుక్కుమంటే, లోపలి పోటు నుంచి మనసు కాస్త పక్కకు మళ్లుతుంది. అమ్మ దృష్టిలో అది నయం కావడం, నా దృష్టిలో ఏమార్చడం. ఈ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

కడుపులోకి తీసుకుంటే కథ వేరు. వాంతులు ఆపడానికి ఆస్పత్రుల్లో ఇచ్చే ఆండన్‌సెట్రాన్ 5-హెచ్‌టీ3 అనే గ్రాహకాన్ని, అంటే నరాల మధ్య కబురు మోసే సెరటోనిన్‌ని పట్టుకునేదాన్ని, అడ్డుకుంటుంది. జింజెరాల్, షోగవోల్ కూడా ఆ గ్రాహకాన్నే, ఇంకో చోట పట్టుకుని, నెమ్మదింపజేస్తాయి. ఇరాన్‌లో 100 మంది రోగుల మీద చేసి 2014లో ప్రచురించిన పరీక్షలో, నొప్పి మొదలవగానే 250 మిల్లీగ్రాముల శొంఠి పొడి వేసుకున్నవాళ్లకూ 50 మిల్లీగ్రాముల సుమాట్రిప్టాన్ అనే మైగ్రేన్ మందు వేసుకున్నవాళ్లకూ రెండు గంటల తర్వాత ఉపశమనం ఇంచుమించు సమానంగా ఉందన్నారు. చదివినప్పుడు ఎగిరి గంతేశాను. రెండోసారి చదివితే, అందులో మందు లేని డమ్మీ మాత్ర ఇచ్చిన మూడో గుంపు లేదని కనబడింది. డమ్మీతోనే చాలామందికి తలనొప్పి తగ్గుతుంది కాబట్టి ఆ సమానత్వాన్ని కొంచెం తగ్గించి చూడాలి. బ్రెజిల్‌లో ఇంకో పరీక్ష చేశారు. నొప్పి రాకుండా ఉండటానికని మూడు నెలలు రోజూ అల్లం సారం ఇస్తే, డమ్మీ కంటే మెరుగేమీ కనబడలేదు. అంటే వచ్చిన పూట పనికిరావచ్చు, రాకుండా ఆపదు. నా అనుభవం కూడా అదే.

బామ్‌ల సంగతి త్వరగా చెప్పేస్తాను. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అమృతాంజనం మొదలుపెట్టిన దగ్గర్నుంచి తలనొప్పి అంటే తెలుగువాళ్ల చెయ్యి బామ్ సీసా మీదకే పోతుంది. ఇలాంటి బామ్‌లలో సాధారణంగా ఉండే పుదీనా పువ్వు మెంథాలే. చల్లదనాన్ని పసిగట్టే టీఆర్‌పీఎం8 గ్రాహకాన్ని అది మోసం చేస్తుంది. మామూలు తలనొప్పికి నాకూ హాయిగానే ఉంటుంది. మైగ్రేన్ పూట ఆ వాసనకే వాంతి అవుతుంది.

ఇంగ్లండ్‌లో మైగ్రేన్‌కి బాగా పేరున్న మొక్క ఫీవర్‌ఫ్యూ, మన చామంతికి దగ్గరి చుట్టం. దాని ఆకులు రోజూ నమిలే అలవాటున్న 17 మందిని తీసుకుని, కొందరికి ఆ ఆకు పొడి, మిగిలినవాళ్లకు డమ్మీ ఇచ్చి చూశారు. డమ్మీ వాళ్లకు నొప్పులు పెరిగాయి. అది 1985లో అచ్చయింది. అందులో ముఖ్యమైన పదార్థం పార్థెనోలైడ్. ఆ అణువుకి కొక్కెం లాంటి ఒక కొస ఉంటుంది. ప్రొటీన్లలోని గంధకం దగ్గర అది గట్టిగా తగులుకుంటుంది. పచ్చి ఆకు నమిలేవాళ్లకు నోట్లో పుళ్లు రావడం కూడా ఆ ఆకుతో వచ్చే బాధే. తర్వాతి పరీక్షలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగలేదు. 1996లో నెదర్లాండ్స్‌లో ఆల్కహాల్‌తో తీసిన సారం వాడితే ఏ ప్రయోజనమూ కనబడలేదు. 2005లో కార్బన్ డయాక్సైడ్‌తో తీసిన సారాన్ని 6.25 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు ఇస్తే, నెలకు వచ్చే నొప్పులు 1.9 తగ్గాయి, డమ్మీతో 1.3 తగ్గాయి. మొక్క ఒకటే, తీసిన పద్ధతి వేరు, మోతాదు వేరు. బజారులో అమ్మే ఫీవర్‌ఫ్యూ సరుకుల్లో పార్థెనోలైడ్ ఎంతుందో కొలిచి చూస్తే, ఒక్కోదానిలో ఒక్కోలా ఉంది, కొన్నిటిలో అసలు లేనే లేదు.

నేనూ ఒక సీసా ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. లేబుల్ మీద ఆకు పొడి బరువు ఉంది, పార్థెనోలైడ్ ఎంతో లేదు. సీసా అయ్యేదాకా వాడాను. పనిచేసిందా అని అందరూ అడుగుతారు. మందు ఎంతుందో తెలియని గొట్టం మాత్ర మింగి, పనిచేసిందనీ చేయలేదనీ ఎలా చెప్పను?

ఈ లోపల ఊళ్లో మా బాబాయికి ఎవరో వాట్సాప్‌లో పంపారు: పార్థీనియం ఆకు మైగ్రేన్‌కి దివ్యౌషధం, లండన్ డాక్టర్లు చెప్పారు అని. ఫీవర్‌ఫ్యూ శాస్త్రీయ నామంలో రెండో మాట పార్థీనియమే. మన పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ పేరులో అదే మొదటి మాట. బాబాయి ఫోన్ చేసి, "అమ్మాయ్, మన గట్టు మీద బండెడు ఉందే, ఎండబెట్టి పంపనా?" అన్నాడు. "బాబాయ్, పీకేటప్పుడు కూడా చేతులకు తొడుగులు వేసుకో" అన్నాను. వయ్యారిభామలో ఉండేది పార్థెనిన్. దానికీ అదే కొక్కెం ఉంది. ఒళ్లంతా దద్దుర్లూ దురదలూ తెప్పించేది అదే, ఆ మొక్క పుప్పొడికేమో ఆయాసం. మా ల్యాబ్ భాషలో చెప్పాలంటే ఈ సరుకు గేటు దగ్గరే ఐడెంటిటీ టెస్టులో ఫెయిల్.

నిజంగా నన్ను భయపెట్టింది బటర్‌బర్. ఐరోపాలో వాగుల ఒడ్డున పెరిగే మొక్క. 2004లో వచ్చిన పరీక్షలో 75 మిల్లీగ్రాముల సారం రోజుకు రెండుసార్లు తీసుకున్నవాళ్లకు నొప్పులు 48 శాతం తగ్గాయి, డమ్మీతో 26 శాతం. అమెరికా న్యూరాలజీ అకాడమీ 2012లో దానికి పై స్థాయి సిఫారసు ఇచ్చింది, 2015లో లివర్ దెబ్బతింటుందన్న ఆందోళనతో వెనక్కు తీసుకుంది. మేలు చేసేవి పెటాసిన్లు. అదే మొక్కలో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు కూడా ఉంటాయి. వాటిని తొలగించే తయారీ ఉన్నా అనుమానం పోలేదు. ఆ ఆల్కలాయిడ్లు నేరుగా విషం కావు. వదిలించుకుందామని లివరే వాటిని మార్చబోయి విషం చేసుకుంటుంది. మన దేశంలోనే 1970లలో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా జిల్లాలో, జనుము జాతి కలుపు మొక్క గింజలు చిరుధాన్యంలో కలిసి, తిన్నవాళ్లకు లివర్ రక్తనాళాలు మూసుకుపోయి కొందరు చనిపోయారు. అక్కడ పనిచేసిన విషం ఈ కుటుంబానిదే. ‘ఆకే కదా, ఏం చేస్తుంది’ అనేవాళ్లకు నేను ఇదే చెబుతున్నాను.

ఈ కాగితాలన్నీ ఫైల్‌లో పెట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆయన ఫైల్ ఓపిగ్గానే తిరగేసి, "ఇవన్నీ సరేనమ్మా, మామూలుగా ఏ మాత్ర వేసుకుంటారు? నెలలో ఎన్ని రోజులు?" అని అడిగారు. మా ఆఫీసులో అందరి సొరుగుల్లోనూ ఉండేదే: నొప్పి మందులో కెఫీన్ కలిపిన బిళ్ల. అలాంటి కలగలుపు మాత్రలు నెలలో పది రోజులో అంతకన్నా ఎక్కువో వేసుకుంటూ మూడు నెలలు దాటితే, ఆ మాత్రలే తలనొప్పికి కారణమవుతాయట. నాకు రెండు రకాల తలనొప్పి ఒకదాని మీద ఒకటి ఉందని తేల్చారు.

బిళ్ల ఆపేశాను. మొదటి రెండు వారాలు నరకం. సెలవు పెట్టాను, అమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఆస్తమా లేదని రూఢి చేసుకున్నాకే డాక్టరు నొప్పి రాకుండా రోజూ వేసుకునే ప్రొప్రనొలాల్ మొదలుపెట్టారు. పెద్ద నొప్పికి సుమాట్రిప్టాన్ ఇచ్చి, వారంలో రెండు రోజులు మించొద్దన్నారు. టీ మానమనలేదు, రోజూ ఒకే వేళకు ఒకే కొలత అన్నారు. భోజనం, నిద్ర కూడా అంతే. రాత్రి షిఫ్టు మార్పించుకోవడానికి మేనేజర్‌ని ఒప్పించడం అన్నిటికంటే కష్టమైంది. మూడో నెలకి నొప్పి వచ్చే రోజులు బాగా తగ్గాయి. వచ్చినా సాయంత్రానికి లేచి తిరగగలుగుతున్నాను.

శొంఠిని ఆయన కాదనలేదు. రక్తం పలచబడే మందులు వాడటం లేదు కాబట్టి వంటలో వాడేంత పర్వాలేదన్నారు. మైగ్రేన్‌లో కడుపు మందగించి, మింగిన మాత్ర అక్కడే ఆగిపోతుంది. అందుకని ఆవలింతలు మొదలవగానే శొంఠి పొడి వేసిన వేడినీళ్లు తాగుతాను, పోటు మొదలవగానే మాత్ర వేసుకుంటాను. వాంతులు తక్కువయ్యాయి. అది శొంఠి వల్లో, మాత్ర వేళకు పడటం వల్లో విడదీసి చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు. అమ్మ మాత్రం తన పట్టు వల్లేనంటుంది. వచ్చే నెల చెకప్‌లో అన్నీ బాగుంటే ప్రొప్రనొలాల్ మోతాదు తగ్గిస్తానన్నారు డాక్టరు.