లెక్కపెట్టే ముందు నిర్వచనం: బిహేవియర్ టెక్నీషియన్ పరీక్షకు నేను చదివిన తీరు

ప్రవర్తనను గమనించి, కొలిచి, మెరుగుపరిచే అనువర్తిత ప్రవర్తన విశ్లేషణలో, సూపర్‌వైజరు కింద నేరుగా పనిచేసే టెక్నీషియన్ ధ్రువపత్రం కోసం చదువుతున్నవారికి, ముఖ్యంగా నగరాలకు వెళ్లి కోచింగ్ తీసుకొనే వీలు లేక, ఉన్న ఊళ్లోనే ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్నవారికి ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను అమలాపురంలో పిల్లల థెరపీ కేంద్రంలో సహాయకురాలిని. 40 గంటల శిక్షణ ఆన్‌లైన్‌లో పూర్తిచేసి, మొదటిసారి పరీక్ష తప్పి, ఏడు నెలల తరువాత రెండోసారి ఉత్తీర్ణురాలినయ్యాను. అమెరికాలోని ప్రవర్తన విశ్లేషకుల ధ్రువీకరణ బోర్డు 2023 నుంచి మన దేశంలో నివసించేవారి కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు కనుక, ఇతర అంతర్జాతీయ సంస్థల నిబంధనలు, పాఠ్యప్రణాళిక చూసుకొన్న తరువాతే ఫీజు కట్టండి. మౌలిక భావనలు మాత్రం ఎక్కడైనా ఇవే.

మొదటిసారి నేను తప్పడానికి కారణం నిర్వచనాలను వల్లెవేయడమే. రుణాత్మక పునర్బలనం అంటే శిక్ష అని మనసులో ఎక్కడో నాటుకుపోయింది. నిర్వచనం అప్పజెప్పగలిగినా, సందర్భం ఇచ్చి అడిగితే తడబడేదాన్ని. చివరకు ఆ చిక్కు మా ఇంటి వాకిట్లోనే విడిపోయింది. పొద్దుగూకగానే కాలువ వైపు నుంచి దోమలు ముసురుతాయి, అమ్మ వేపాకు పొగ పెడుతుంది, దోమలు పోతాయి. మర్నాడు ఇంకాస్త పెందరాళే పెడుతుంది. బాధపెట్టేది తొలగిపోయింది, ఆ పని పెరిగింది. పెరిగింది కనుక అది పునర్బలనం, తొలగడం వల్ల పెరిగింది కనుక రుణాత్మకం. శిక్ష అయితే ప్రవర్తన తగ్గాలి. ప్రశ్న చదవగానే ముందు ‘ప్రవర్తన పెరిగిందా, తగ్గిందా’ అని, తరువాతే ‘ఏదైనా చేరిందా, తొలగిందా’ అని చూసుకొంటే ధనాత్మక, రుణాత్మక పునర్బలనాలు, ధనాత్మక, రుణాత్మక శిక్షలు అనే నాలుగు గళ్లలో పొరపాటు పడరు.

అయితే నన్ను నిజంగా మార్చినది దత్తాంశ (డేటా) సేకరణ అధ్యాయం. కేంద్రంలో నేను అంతకుముందు ‘ఈ రోజు బాగా పేచీ పెట్టాడు’, ‘మొండిగా ఉన్నాడు’ అని రాసేదాన్ని. అవి నా అభిప్రాయాలే తప్ప పిల్లవాడు చేసిన పనులు కావు. గమనించదగినదీ, కొలవదగినదీ అయితేనే ప్రవర్తన. శవం కూడా చేయగలిగినదైతే అది ప్రవర్తన కాదని అమెరికా మనస్తత్వవేత్త ఆగ్‌డెన్ లిండ్స్‌లీ చెప్పిన పరీక్ష ఇక్కడ అక్కరకు వస్తుంది: ‘కేకలు వేయకుండా ఉండడం’ ఆ పరీక్షలో నిలవదు, ‘చేయెత్తి అడగడం’ నిలుస్తుంది.

డెల్టాలో పుట్టినవారికి ఈ సంగతి ఇంకా సులువుగా బోధపడాలి. వరదల రోజుల్లో ‘గోదారి బాగా పొంగింది’ అని ఒకరంటే, ‘అబ్బే, అంత లేదు’ అని ఇంకొకరంటారు. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ వద్ద మాత్రం నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఎవరు చూసినా అంకె ఒకటే. కార్యాత్మక నిర్వచనం, అంటే ఏది లెక్కలోకి వస్తుందో ఎవరు చూసినా ఒకేలా తేలేట్టు రాసిన నిర్వచనం, చేయవలసిన పనీ అదే.

మా అక్క అనుమతి తీసుకొని, ఐదేళ్ల మేనల్లుడు అన్నం తినేటప్పుడు కంచం తోయడాన్ని నేనూ అమ్మా విడివిడిగా లెక్కపెట్టాం. నాకు 6 వచ్చింది, అమ్మకు 9. చిన్న లెక్కను పెద్ద లెక్కతో భాగించి వందతో గుణిస్తే ఇద్దరి ఏకీభావం 67 శాతం; సాధారణంగా కనీసం 80 ఉండాలంటారు. తేడా ఎక్కడని అడిగితే, ‘ముద్ద పెట్టబోతే మొహం తిప్పుకున్నా వద్దన్నట్టే కదే, అవీ వేశాను’ అంది అమ్మ. తప్పు అమ్మది కాదు, నాది. ‘చేయి తగిలి కంచం కనీసం బెత్తెడు దూరం జరగాలి’ అని రాసి చూపించాక, మర్నాడు నాకు 7, అమ్మకు 8 వచ్చాయి, అంటే 87.5 శాతం. ఆ కాగితం ఇప్పటికీ నా నోట్సులో ఉంది. మీరూ ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టుకొని ఒక్కసారి ఇలా చేసి చూడండి. ఆ అధ్యాయం మళ్లీ చదవనక్కరలేదు.

కొలతల్లో ఎక్కువమంది తికమకపడేది విరామ (ఇంటర్వెల్) పద్ధతుల దగ్గర, అంటే సమయాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించేవాటి దగ్గర. పది నిమిషాల సెషన్‌ను నిమిషం చొప్పున పది విరామాలుగా విడగొట్టామనుకోండి. పిల్లవాడు ప్రతి నిమిషంలోనూ సరిగ్గా 5 సెకన్లే ఏడ్చాడు. విరామంలో ఎప్పుడైనా కనిపిస్తే చాలనే పాక్షిక విరామ పద్ధతిలో అది 100 శాతం. విరామమంతా సాగితేనే లెక్క అనే పూర్ణ విరామ పద్ధతిలో సున్నా. నిజంగా ఏడ్చింది 600 సెకన్లలో 50, అంటే సుమారు 8 శాతం. పాక్షికం ఎక్కువ చేసి చూపుతుందనీ, పూర్ణం తక్కువ చేసి చూపుతుందనీ బట్టీ పట్టే బదులు ఈ ఒక్క లెక్క వేసుకొంటే చాలు. విరామం ముగిసే క్షణంలో మాత్రమే చూసి రాసే క్షణిక నమూనా పద్ధతి వరద రోజుల్లో గంటగంటకూ నీటిమట్టం ప్రకటించడం వంటిది: ఆ క్షణాన స్కేలు మీద ఎంతుందో అంతే, మధ్యలో పెరిగి తగ్గినది అందులో ఉండదు. నలుగురైదుగురు పిల్లలను ఒక్కరే చూసుకోవలసిన చోట దానికి మించిన ఆధారం లేదు.

మిగిలినవి త్వరగానే వస్తాయి. 20 నిమిషాల్లో 12 సార్లు, గంటలో 12 సార్లు ఒకటి కావు కనుక సంఖ్యతో పాటు కాలం కూడా రాసి రేటు చెప్పాలి. ప్రవర్తన మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా పట్టేది వ్యవధి. సూచన ఇచ్చినప్పటి నుంచి పని మొదలయ్యేదాకా పట్టేది లేటెన్సీ. అనువర్తిత ప్రవర్తన విశ్లేషణకు ఉండాలని బేర్, వుల్ఫ్, రిస్లీ అనే పరిశోధకులు 1968లో చెప్పిన ఏడు లక్షణాల్లో ‘టెక్నలాజికల్’ అనే మాట చూసి యంత్రాలనుకోకండి. మనం రాసిన పద్ధతిని చదివి మరొకరు అదే విధంగా చేయగలగాలని దాని అర్థం.

ఇక ఏబీసీ నమోదు, అంటే ప్రవర్తనకు ముందు జరిగినది, ప్రవర్తన, దాని తరువాత జరిగిన పర్యవసానం అని మూడు గళ్లలో రాయడం. ‘కోపం వచ్చి బొమ్మ విసిరాడు’ అని రాస్తే, ఎంత అనుభవం ఉన్న సూపర్‌వైజరుకైనా ఆ వాక్యం నుంచి ఏమీ తేలదు. ‘బొమ్మ పెట్టెలో పెట్టమని చెప్పాను; బొమ్మ గోడకేసి విసిరాడు; నేను వెళ్లి తీసుకొచ్చి పెట్టెలో పెట్టాను’ అని రాస్తే, పని తప్పించుకోవడానికా, నా దృష్టి తనవైపు తిప్పుకోవడానికా అన్న ప్రశ్న వేయవచ్చు. ఇటువంటివి పది పోగైతే ఏ పర్యవసానం మళ్లీ మళ్లీ వస్తున్నదో కనిపిస్తుంది. నేను చివరి నెల రోజులూ కొత్త పుస్తకం తెరవలేదు. కేంద్రంలో నేనే రాసిన పాత నమోదులను, పిల్లల పేర్లు లేకుండా, రోజుకు ఐదు చొప్పున ఈ మూడు గళ్లలోకి తిరగరాశాను. వాటిలో సగానికి పైగా నమోదుల్లో మూడో గడి ఖాళీగా మిగిలింది, ఎందుకంటే పిల్లవాడు ఏం చేశాడో రాశాను గాని, ఆ తరువాత మేమేం చేశామో ఎక్కడా రాయలేదు.