ఎన్నడుగులు బావగారూ?

"బడి రోజుల్లో మరపురాని సంఘటన ఒకటి రాయరా, రెండు పేజీలు దాటకూడదు" అని సంచిక కమిటీ నుంచి ఫోను. మన 1976 ఎస్సెస్సీ బ్యాచ్‌కి యాభై ఏళ్లు నిండుతున్నాయి కదా, తలా ఓ ముక్క రాయాలట. బడిగంట గురించీ, జామచెట్టు గురించీ, హిందీ మాస్టారి బెత్తం గురించీ రాసేవాళ్లు పదిమంది ఉంటారు. నేను 2022 జూలైలో ఒక వారం గురించి రాస్తాను. ఇందులో బడి ఏదిరా అని మొదటి పేజీలోనే అడక్కండి. వస్తుంది.

ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి 2020 జూన్ నెలాఖరున రిటైరయ్యాను. కరోనా రోజులు. సన్మానం లేదు, శాలువా లేదు. సెక్షన్ ఆఫీసు వరండాలో ముగ్గురం మాస్కులు కిందికి లాక్కుని, ఎడంఎడంగా నిలబడి టీ తాగాం. అంతే. ఏడాదిన్నర తిరిగేసరికి పదవీ విరమణ వయసు 62 చేశారు. "రెండేళ్లు ఆగి పుట్టాల్సింది మీరు" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, ఏదో నా చేతిలో ఉన్న పనైనట్టు.

రిటైరైనవాడికి పనేముంటుంది అనుకుంటారు అందరూ. అందుకే అందరి పనులూ వాడికే చెబుతారు. ఆ వారం నా నెత్తిన ఏమేం ఉన్నాయంటే, మేలో పెళ్లైన మా అమ్మాయి ఆషాఢమని పుట్టింటికొచ్చి ఉంది. అల్లుడిగారికి సారె పంపాలి. తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు చెప్పేశాను, సున్నుండలు ఇంట్లోనే చుడుతున్నారు. పెన్షనర్ల సంఘం వాళ్లకి డీఏ బకాయిల మీద వినతిపత్రం రాసిపెట్టాలి, నా దస్తూరీ బాగుంటుందట. వీధి చివర రామాలయానికి సున్నం వేయించాలి. ఇవన్నీ కాక గోదావరి.

పదో తారీకు ఆదివారం. తొలి ఏకాదశీ బక్రీదూ ఒకేరోజు పడ్డాయి. మన బ్యాచ్ టైలరు పొద్దున్నే ఫోన్ చేసి "భోజనానికి వచ్చెయ్" అన్నాడు. ఉపవాసంరా అంటే నవ్వాడు. పేలాలపిండి డబ్బా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. వాడు గుప్పెడు నోట్లో వేసుకుని అదే నోటితో మాట్లాడబోయాడు. పేలాలపిండి తింటూ మాట్లాడకూడదని మనకి చిన్నప్పుడే తెలుసు, వాడికి అరవై రెండేళ్లొచ్చినా తెలియలేదు. పొలమారి, దగ్గి, నీళ్లు తాగి, "రేపు ద్వాదశి పారణకైనా రా, డేక్సా కడగకుండా ఉంచుతాను" అన్నాడు. ఆ డేక్సాలు వారం తిరక్కుండానే ఇంకో పనికొచ్చాయి.

ఆ సాయంత్రం ధవళేశ్వరం బ్యారేజీ దాకా నడిచాను. నీరు చిక్కబడింది. నురగ, దుంగలు, గుర్రపుడెక్క తెప్పలు. ఇంటికి రాకముందే మా వియ్యంకుడుగారి ఫోను.

"బావగారూ, ఎన్నడుగులు?"

వాళ్లది కోనసీమలో లంక, అంటే ఏటి మధ్య దిబ్బ. కొబ్బరితోట, రెండు గేదెలు, మేడ మీద ఒక గది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఈ అంకెలు చిన్నపిల్లలకి కూడా నోటికొస్తాయి. టీవీలో వేస్తారు, సెల్‌ఫోన్‌కి మెసేజీలొస్తాయి. అయినా ఆయనకి నేనే చెప్పాలి. "టీవీ వాడు హైదరాబాదులో కూర్చుని చెబుతాడండీ, మీరు కళ్లతో చూసి చెబుతారు" అంటారు. అలా ఆయన ఒక్కరే కాదు. ఆ వారం నాకు రోజుకి నలభై ఫోన్లు వచ్చి ఉంటాయి, అందరిదీ ఒకటే ప్రశ్న.

ఇక బడి. ఈ అడుగుల పిచ్చి నాకంటించింది మన సోషల్ మాస్టారే. నల్లబల్ల మీద ఎడమ మూల తేదీ, మొత్తం, హాజరు ఉండేవి, గుర్తుందా? వానాకాలం వస్తే కుడి మూల ఇంకో అంకె. వంతులవారీగా ఒకరు పొద్దున్నే ఏటికి వెళ్లి, స్కేలు చూసి, ఆ రోజు మట్టం అక్కడ రాయాలి. అప్పటికి కొత్త బ్యారేజీ పని జరుగుతోంది. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ముగించిన ఆనకట్ట పక్కనే క్రేన్లు లేచి ఉండేవి. "క్యూసెక్కు అంటే ఏమిట్రా?" అని అడిగేవారు మాస్టారు. సెకనుకి ఘనపుటడుగు అని అప్పజెబితే ఊరుకునేవారు కాదు. "ఇరవై ఎనిమిది లీటర్లు. అంటే మీ అమ్మ మోసే బిందెలు రెండు. కళ్లు మూసి తెరిచేలోగా రెండు బిందెలు. ఇప్పుడు చెప్పు, పది లక్షల క్యూసెక్కులంటే ఎన్ని బిందెలు?"

ఎనిమిదో తరగతిలో ఓ రోజు నా వంతు. కుండపోత. చాప మీద నుంచి లేవలేదు నేను. బడికెళ్లి, నిన్నటి అంకెకి రెండంగుళాలు కలిపి దర్జాగా రాసేశాను. ఇంత వాన పడితే పెరక్కుండా ఎలా ఉంటుందని నా లెక్క. మాస్టారు క్లాసుకొచ్చారు, పంచె మోకాళ్ల దాకా తడిసి ఉంది. బల్ల వైపు చూశారు. ఏమీ అనలేదు. సుద్దముక్క తీసుకుని నా అంకె కింద ఇంకో అంకె రాశారు. అది నాదానికంటే అరడుగు తక్కువ. మన ఊళ్లో వాన పడితే గోదావరి పెరగదు, పైన పడితే పెరుగుతుంది. నాదాన్ని చెరపలేదు, చెరపనివ్వలేదు కూడా. రోజంతా వచ్చిన ప్రతి మాస్టారూ "ఇదేమిట్రా, రెండున్నాయి?" అని అడగడం, క్లాసంతా నా వైపు తిరగడం. బెత్తం దెబ్బలైతే ఒక పీరియడ్‌తో పోయేవి. ఆ మర్నాటి నుంచి వరదలు తీసేదాకా స్కేలు వంతు నాదే.

బుధవారం గురుపౌర్ణమి. పంచెల చాపూ, అరడజను అరటిపళ్లూ పట్టుకుని మాస్టారింటికి వెళ్లాను. ఎనభై ఎనిమిదేళ్లు ఆయనకి, చూపు దాదాపు లేదు. ముందు రాత్రి మా అమ్మాయి రుబ్బిన గోరింటాకు నా చిటికెనవేలికి కూడా పెట్టేసింది, ఎర్రగా పండింది. వేలు మడుచుకుని కాళ్లకి దండం పెట్టాను, చూపు లేదన్న సంగతి మర్చిపోయి.

"ఎంతరా?" అన్నారు. ఆశీర్వచనం కంటే ముందు అదే.

చెప్పాను. "పైన?" భద్రాచలం సంగతి చెప్పాను. కాసేపు లెక్కేసుకుని, "1953 వరద నాకు తెలుసు, 1986ది నీకు తెలుసు. మధ్యలో ఎక్కడో ఆగుతుందేమో చూడు" అన్నారు.

1986 నాకు బాగానే తెలుసు. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. ఆ ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. చాలాచోట్ల గట్లు తెగాయి. రాత్రంతా పెట్రోమాక్స్ లైటుతో ఏటిగట్టు మీద తిరిగేవాళ్లం. నీళ్లవైపు చూడకూడదు, ఊరివైపు చూడాలి. గట్టు అడుగున ఊరివైపు చిన్న ఊట పుడుతుంది, అన్నం ఉడికినట్టు కుతకుతమని ఇసుక పైకొస్తుంది. తేటనీరైతే ఫరవాలేదు. మట్టితో వస్తోందంటే లోపల గట్టుని తింటోందని. వెంటనే ఇసుక బస్తాలతో చుట్టూ కట్ట వేయాలి. ఇదంతా తెలిసినవాడిని కాబట్టే తర్వాత చెప్పబోయే పని చేశాను.

వియ్యంకుడుగారు కదలనంటారు. పడవ వచ్చింది, వీఆర్వో చెప్పాడు, కరెంటు తీసేశారు. "1986లోనే మా నాన్నగారు గుమ్మం దిగలేదండీ బావగారూ, మేడ ఉందిగా" అంటారు. మేడ మీదికి మనుషులెక్కుతారు, గేదెలెక్కుతాయా? ఆ సాయంత్రం మళ్లీ ఫోన్ చేశారు. ఛార్జింగ్ అయిపోవస్తోందట. "ఒక్కమాట చెప్పండి. ఎన్నడుగులు?"

ఉన్నదానికి అడుగు కలిపి చెప్పాను.

అవతల కాసేపు మాట లేదు. "సరే" అని పెట్టేశారు. చీకటి పడకముందే ట్రాక్టరు తొట్టిలో రెండు గేదెలూ, వియ్యపురాలూ, గ్యాస్ స్టవ్వూ. రావులపాలెం, జొన్నాడ మీదుగా చుట్టు తిరిగి మా ఇంటి ముందు దిగేసరికి తొమ్మిదైంది.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. ఆషాఢంలో అత్తా కొత్తకోడలూ ఒకే గడప దాటకూడదు. ట్రాక్టరు మీద వియ్యపురాలు దిగకుండా కూర్చుంది. లోపల గుమ్మంలో మా అమ్మాయి బయటికి రాకుండా నిలబడింది. వీధిలో గేదెలు అరుస్తున్నాయి. మా ఆవిడ రెండు నిమిషాలు ఆలోచించి, "వదినగారూ, మేడ మీద వాటాకి మెట్లు బయట్నుంచే. ఆ గడప వేరు, ఈ గడప వేరు. కాఫీ నేను పైకి తెస్తాను" అంది. ముప్ఫై ఎనిమిదేళ్లు ప్రభుత్వోద్యోగం చేసినా నాకు అంత చక్కటి సర్క్యులర్ తట్టదు. వారం రోజులు అత్తాకోడళ్లు పిట్టగోడ మీంచి మాట్లాడుకున్నారు. అల్లుడు మాత్రం కాకినాడ నుంచి ఫోన్‌లోనే. అత్తారింటి గడప తొక్కకూడదు కదా, మా అమ్మానాన్నా అక్కడే ఉన్నారు నాకు మాత్రం నిషేధమా అని పాపం ఒకటే గొడవ.

గేదెల్ని ఎక్కడ కట్టెయ్యాలి? మన బళ్లో. అప్పటికే లంకల వాళ్లని బడికి తెచ్చారు. మన పదో తరగతి గదిలో నాలుగు కుటుంబాలు. గ్రౌండులో గోల్‌పోస్టుకి ఈ రెండు గేదెలూ. శుక్రవారం బ్యాచ్ గ్రూపులో ఒక్క మెసేజీ పెట్టాను. ఎప్పుడూ గుడ్‌మార్నింగ్ పువ్వులు తప్ప పంపని మహానుభావులు పదకొండు మంది మనుషులుగా వచ్చారు. టైలరు డేక్సాలు తెచ్చాడు. బియ్యం కొట్టువాడు బియ్యం, పప్పు. మన క్లాసు ఆడవాళ్లు ముగ్గురు కూరలు తరిగారు. వాళ్లలో ఒకావిడతో బళ్లో ఉండగా నేను ఒక్కమాటైనా మాట్లాడలేదు, ఆ రోజు మొదటిసారి "ఉప్పు తక్కువైందండీ" అన్నాను. మూడొందల మందికి పప్పన్నం, పులిహోర. చంటిపిల్లలకి పాలు సరిపోలేదు. గోల్‌పోస్టు దగ్గరున్న రెండూ పాడి గేదెలే అని వియ్యంకుడుగారే గుర్తుచేసి, చెంబు కడుక్కుని కూర్చున్నారు.

సారె సామాను వచ్చింది, పంపడానికి దారి లేదు. వియ్యపురాలే కాజాల బుట్ట దించుకుని బడికి వెళ్లి పిల్లలకి పంచేసింది. "మా సారె మాకు ముట్టినట్టే" అంది. పూతరేకులు మాత్రం ఒక పెట్టె దాచుకుంది, చూశాను.

శనివారం భద్రాచలంలో 71.3 అడుగులు. 1986లో 75.6 తర్వాత మళ్లీ అంత ఎత్తు అప్పుడే. ఇక్కడ 175 గేట్లూ ఎత్తి ఉన్నాయి, ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. సెకనుకి యాభై లక్షల బిందెలు. నేను కలిపి చెప్పిన అడుగుని గోదావరి మర్నాటికే మింగేసి పైకి పోయింది. వియ్యంకుడుగారి ఇంట్లో కిటికీల దాకా నీళ్లు.

వరద తీయడం మొదలయ్యాక మాస్టారింటికి వెళ్లి, అడక్కుండానే మట్టం చెప్పి, నేను చేసింది కూడా చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది.

"ఎంత కలిపావు?" అన్నారు.

"అడుగండి."

ఆయన తల పంకించారు. "ఎనిమిదో తరగతిలో రెండంగుళాలేగా."

వియ్యంకుడుగారికి మాత్రం ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. పండక్కొచ్చినప్పుడల్లా, "ఆ రోజు ఇంకో గంట టైముంటే నాలుగు బస్తాల ధాన్యం మేడెక్కించేవాణ్ణి బావగారూ, నీరు అంత తొందరగా ఎలా వచ్చిందో" అంటూనే ఉంటారు. నేను ఇంకాస్త కూర వడ్డించమని మా ఆవిడకి చెబుతాను. అందుచేత ఈ సంచిక కాపీ ఒక్కటి కూడా కోనసీమ వైపు వెళ్లకుండా చూడవలసిందిగా కమిటీ వారికి మనవి.